కుర్చీకి ఎంత, గింజకు ఎంత

(విశాఖపట్నంలో ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇంత వానలోనూ వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం.

నన్ను పరిచయం చేసిన మిత్రులు కాఫీ నిపుణుడు అన్నారు. నేను చేసిన పని ఏమిటో చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా పచ్చి కాఫీ గింజల రుచి చూసే ఉద్యోగం చేశాను. గింజను కొద్దిగా వేయించి, బరకగా పొడి కొట్టి, గిన్నెలో వేసి వేడినీళ్ళు పోస్తాం. పైన తేలిన తెట్టు పక్కకు తోసి, చెంచాతో శబ్దం వచ్చేలా జుర్రి, నాలుక మీద తిప్పి ఉమ్మేస్తాం. రోజుకు వంద గిన్నెలైనా అంతే. ఆ తర్వాత సరుకు కొనవచ్చునో లేదో ఒక కాగితం మీద రాస్తాం. ఆ పని మీద కొన్ని దేశాలు తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ పని ముగిశాక వీధిలోకి వెళ్ళి, డబ్బులిచ్చి ఒక కాఫీ తాగేవాణ్ణి. ధర రాసుకునేవాణ్ణి. ఈ సాయంత్రం చెప్పేదంతా ఆ నోటు పుస్తకంలోంచి మొదలైంది.

ఇటలీకి ఈశాన్య మూల ట్రియెస్తె అనే రేవు ఉంది. 1719లో ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి దాన్ని స్వేచ్ఛా రేవుగా ప్రకటించాడు. తర్వాత మధ్య ఐరోపాకు కాఫీ వెళ్ళే ముఖ్యమైన దారుల్లో అదొకటి అయింది. ఆ ఊళ్ళో కాఫీ పేర్లు కూడా వేరు. ఇటలీలో మరెక్కడైనా ‘కఫె’ అంటే చిన్న కప్పులో ఎస్ప్రెస్సో ఇస్తారు. ట్రియెస్తెలో దాన్ని ‘నేరో’ అనాలి, అంటే నలుపు. కాస్త పాలనురగ కలిపితే ‘కాపో’. అదే కాపో గాజు గ్లాసులో కావాలంటే ‘కాపో ఇన్ బి’. మొదటి రోజు నాకు ఇదేమీ తెలియదు. గల్లాపెట్టె వెనుక గోడ మీద ధరల పట్టిక మాత్రం చదివాను. పక్కపక్కనే రెండు వరసల అంకెలున్నాయి. ఒక వరస మీద ‘బాంకో’ అని, రెండో వరస మీద ‘తావోలో’ అని రాసి ఉంది. బాంకో అంటే నిలువెత్తు గట్టు, తావోలో అంటే బల్ల. గట్టు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే దానికి రెట్టింపు. గింజ అదే, యంత్రం అదే, కప్పు కూడా అదే.

మన ఊళ్ళలో హోటల్లో ఏసీ గదికి వేరే రేటు చూశాం కనుక ఇది మనకు మరీ కొత్త కాదు. అయితే ఇటలీలో దీని వెనుక ఒక చట్టం కథ ఉంది. 1911లో అక్కడి మునిసిపాలిటీలకు నిత్యావసర సరుకుల గరిష్ఠ ధర నిర్ణయించే అధికారం వచ్చింది. వడ్డన లేకుండా ఇచ్చే కాఫీని కూడా ఆ నిత్యావసరాల్లో చేర్చారు. రొట్టెలాగా, పాలలాగా. నిలబడి తాగే కాఫీ అంత చవకగా ఉండిపోవడానికి చరిత్రకారులు చెప్పే కారణం ఇదే. ఈ రోజుకీ చాలా ఊళ్ళలో ఆ కప్పు ఒకటింబావు యూరో, మరీ అయితే ఒకటిన్నర. ఐరోపాలో మిగతా దేశాల వాళ్ళు ఆ ధర విని నమ్మరు. ఇటలీ వాళ్ళు మాత్రం పది సెంట్లు పెరిగితే పత్రికల్లో రాస్తారు. 2022లో ఫ్లోరెన్స్‌లో ఒక కొనుగోలుదారు కెఫీన్ తీసిన ఎస్ప్రెస్సోకు రెండు యూరోలు తీసుకున్నారని పోలీసులను పిలిచాడు. ఆ ధర పట్టికలో కనబడేలా రాయలేదన్న కారణంతో దుకాణానికి వెయ్యి యూరోల జరిమానా పడింది. రెండు యూరోల కప్పుకు వెయ్యి యూరోలు! వాళ్ళకు కాఫీ ధర అంటే ఒక హక్కుతో సమానం.

అక్కడి నుంచి రైల్లో రెండు గంటలు వెళితే వెనిస్. శాన్ మార్కో కూడలిలో 1720లో తెరిచిన ఫ్లోరియన్ అనే కాఫీ హోటలు ఇంకా నడుస్తోంది. బయట బల్లల దగ్గర కూర్చుంటే ఒక చిన్న వాద్యబృందం వాయిస్తూ ఉంటుంది. బిల్లులో కాఫీ ధర కింద సంగీతానికి మరో పద్దు ఉంటుంది, సుమారు ఆరు యూరోలు. చాలామంది యాత్రికులు దాన్ని చూసి మోసపోయామని గొడవ పెడతారు. నాకు మాత్రం అది అన్నిటికంటే నిజాయితీ గల బిల్లు అనిపించింది. దేనికి ఎంత తీసుకుంటున్నారో విడదీసి రాశారు. మిగతా చోట్ల కుర్చీ, అద్దె, గోడ మీద బొమ్మ, చల్లని గాలి, వేళాడే దీపం, అన్నీ ‘కాఫీ’ అనే ఒక్క మాట కిందే దాచి పెడతారు.

దక్షిణాన నేపుల్స్‌లో ఇంకో పద్ధతి ఉంది. ఒకరు గల్లాపెట్టె దగ్గర రెండు కాఫీలకు డబ్బులిచ్చి ఒక్కటే తాగి వెళ్ళిపోతారు. రెండోది ‘సోస్పెసో’, అంటే నిలిపి ఉంచిన కాఫీ. తర్వాత చేతిలో పైసా లేని మనిషి ఎవరైనా వచ్చి, ‘సోస్పెసో ఉందా?’ అని అడిగి తాగుతాడు. ఇచ్చిన వాడెవడో తాగిన వాడికి తెలియదు. మన దగ్గర వేసవిలో చలివేంద్రం పెట్టే వాళ్ళకు ఈ మనసు వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో అరబికా అనే మేలు రకం గింజ పౌను నాలుగు డాలర్లు దాటింది. అంతకు ముందు ఎన్నడూ అంత ధర లేదు. పౌను అంటే సుమారు 454 గ్రాములు. నాలుగు డాలర్ల లెక్కన కిలో పచ్చి గింజ ఎనిమిది డాలర్ల ఎనభై సెంట్లు అవుతుంది. వేయిస్తే తేమ పోయి బరువు తగ్గుతుంది కాబట్టి కిలో వేయించిన గింజకు కిలోంబావుకు కాస్త తక్కువ పచ్చి గింజ కావాలి. మన డబ్బులో తొమ్మిది వందల రూపాయలు అనుకోండి. ఒక ఎస్ప్రెస్సోకు ఏడు గ్రాములు పడుతుంది. అంటే గింజ అంత ఖరీదైన రోజున కూడా ఒక కప్పులో ఉన్న గింజ విలువ ఆరున్నర రూపాయలు. ట్రియెస్తెలో ఆ కప్పు నూటపాతిక రూపాయలకు అమ్ముతున్నారు. అదీ నిలబడి తాగే చవక కప్పు. మన నగరాల్లో పెద్ద కెఫేల్లో మూడు వందల రూపాయలకు ఇచ్చే పొడుగాటి కప్పులో రెండింతల పొడి వేసినా పదమూడు రూపాయల గింజ కంటే ఉండదు. మిగతాదంతా పాలు, కరెంటు, జీతాలు, అద్దె, పన్ను, ఆ పైన లాభం.

నేను దీన్ని దోపిడీ అని ఒక్క మాటలో కొట్టిపారేయను. కాఫీ కలిపే కుర్రవాడికి జీతం ఇవ్వాలి, అద్దె కట్టాలి. నా బాధంతా గింజ ధర ఎటు కదిలినా ఆ బరువు ఎవరి మీద పడుతుందన్న దాని గురించి. 2001లో ఇదే అరబికా ధర పౌను అర డాలరు కంటే కిందికి పడిపోయింది. చెట్టు మీద పండు కోసిన కూలి కూడా రాని స్థితి. కొడగులో, వయనాడులో తోటల వాళ్ళు అప్పుల్లో కూరుకుపోయారు. మధ్య అమెరికాలో వేల కుటుంబాలు తోటలు వదిలి వలస పోయాయి. నేను అప్పుడు ఉద్యోగంలోనే ఉన్నాను. అదే సంవత్సరం ఐరోపాలో ఏ కాఫీ హోటల్లోనూ కప్పు ధర సగానికి తగ్గలేదు. నా నోటు పుస్తకంలో ఆ ఏడాది పేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఎందుకు అంత పడిపోయిందో చెప్పాలంటే జర్మనీకి వెళ్ళాలి. కాఫీ విషయంలో జర్మనీ చరిత్ర చాలా చిత్రమైనది, కొంచెం సేపు అక్కడే ఉంటాను.

పద్దెనిమిదో శతాబ్దంలో ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి రాజైన ఫ్రెడరిక్‌కు కాఫీ మీద కోపం. కాఫీ గింజ కోసం డబ్బు పరాయి దేశాలకు పోతోందని, జనం బీరు తాగితే చాలునని 1777లో ఒక ప్రకటన చేశాడు. తర్వాత వేయించే హక్కును ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాడు. దొంగతనంగా ఇంట్లో గింజ వేయిస్తే పట్టుకోవడానికి యుద్ధం నుంచి వచ్చిన వికలాంగ సైనికులను వీధుల్లో తిప్పాడు. వాళ్ళ పని వాసన చూడటం. జనం వాళ్ళను ‘కాఫీ వాసన చూసేవాళ్ళు’ అనే పేరుతోనే పిలిచారు. ఆ రాజు పోయాడు, ఆ పన్ను బుద్ధి మాత్రం పోలేదు. ఇప్పటికీ జర్మనీలో వేయించిన కాఫీ కిలోకు 2.19 యూరోల ప్రత్యేక పన్ను ఉంది, అమ్మకం పన్నుకు అదనంగా. దీన్ని 2001 ధరల పక్కన పెట్టి చూడండి. ఆ ఏడాది కిలో వేయించిన కాఫీకి కావలసిన పచ్చి గింజ మొత్తం ధర డాలరున్నర కూడా లేదు. జర్మన్ ఖజానాకు ఆ కిలో మీద వచ్చిన పన్ను అంతకంటే ఎక్కువ. ఏడాది పొడవునా చెట్టును పెంచిన మనిషి, కోసిన మనిషి, మోసిన ఓడ, వీళ్ళందరికీ కలిపి వచ్చిన దాని కంటే ఒక ముద్ర వేసిన కార్యాలయానికి ఎక్కువ వచ్చింది. ఈ లెక్క నేను మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్ళీ వేశాను.

ఇక తూర్పు జర్మనీ, అప్పట్లో రెండుగా చీలిన జర్మనీలో కమ్యూనిస్టుల పాలనలో ఉన్న భాగం. 1975 జూలైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో మంచు పడి కోట్ల కొద్దీ కాఫీ చెట్లు మాడిపోయాయి. రెండేళ్ళలో ప్రపంచ ధర ఎన్నో రెట్లు పెరిగింది. తూర్పు జర్మనీ దగ్గర డాలర్లు లేవు. 1977లో ప్రభుత్వం చవక రకం కాఫీ పొట్లాన్ని అమ్మకంలోంచి తీసేసి, దాని బదులు ‘కాఫీ మిక్స్’ అనే పొడిని తెచ్చింది. అందులో 51 శాతం మాత్రమే కాఫీ. మిగతాది చికోరీ, రై ధాన్యం, బార్లీ, బీట్‌దుంప లాంటివి. జనానికి విపరీతమైన కోపం వచ్చింది. ప్రభుత్వానికి అర్జీల మీద అర్జీలు రాశారు. ఆ పొడికి కాఫీ యంత్రాల్లో జాలీలు మూసుకుపోయేవి. చివరికి దాన్ని ఉపసంహరించుకున్నారు.

ఆ 51 అనే అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన దేశంలో కాఫీ, చికోరీ కలిపిన పొడిలో చట్ట ప్రకారం కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే 49 శాతం దాకా చికోరీ ఉండవచ్చు. మీ ఇంట్లో పొట్లం తిప్పి చూడండి, అంకెలు రాసి ఉంటాయి. తూర్పు బెర్లిన్‌లో జనం తిరగబడిన పాళ్ళనే మనం చిక్కదనం అని ఇష్టంగా తాగుతున్నాం. నేను చికోరీని నిందించను. దబరా గ్లాసులో నల్లని మొదటి డికాషన్, చిక్కటి పాలు, చెంచా చక్కెర కలిసినప్పుడు ఆ చేదు, ఆ రంగు చికోరీ వల్లే వస్తాయి, ఆ రుచికి మనం అలవాటు పడ్డాం. అయితే అది ఇష్టమా, చవక కోసం నేర్చుకున్న అలవాటా అన్నది అడగవలసిన ప్రశ్నే. నెపోలియన్ కాలంలో ఓడల దారులు మూసుకుపోయి కాఫీ దొరకనప్పుడు ఐరోపా వాళ్ళు చికోరీ వేరును విస్తారంగా వాడటం నేర్చుకున్నారు. లేమిలో పుట్టిన రుచి తర్వాత సంప్రదాయం అయింది. చాలా రుచుల పుట్టుక అలాగే ఉంటుంది.

మళ్ళీ కథలోకి వస్తాను. డాలర్లు లేకుండా కాఫీ ఎలా సంపాదించాలి? తూర్పు జర్మనీ వియత్నాం వైపు చూసింది. 1980లో ఒప్పందం కుదిరింది. వీళ్ళు యంత్రాలు, లారీలు, నిపుణులను పంపాలి. కార్మికులకు ఇళ్ళు కట్టించాలి. వాళ్ళు డాక్‌లాక్ ఎత్తయిన ప్రాంతాల్లో రోబస్టా అనే చవక రకం కాఫీ తోటలు వేసి, పంటలో వాటా ఇవ్వాలి. చెట్లు ఎదిగాయి. పూర్తి స్థాయి పంట చేతికి వచ్చేసరికి 1990 వచ్చింది, ఆ ఏడాదే తూర్పు జర్మనీ అనే దేశం లేకుండా పోయింది. నాటించిన వాడు పోయాడు, చెట్లు మిగిలాయి. అదే సమయంలో వియత్నాం తన మార్కెట్లు తెరిచింది, రైతులు సొంతంగా తోటలు వేయడం మొదలుపెట్టారు. ఇంకో పక్క 1962 నుంచి ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టి ధర నిలబెట్టిన అంతర్జాతీయ ఒప్పందం 1989 జూలైలో కుప్పకూలింది. కట్ట తెగింది, నీళ్ళు వచ్చిపడ్డాయి. పదేళ్ళలో వియత్నాం బ్రెజిల్ తర్వాత రెండో స్థానానికి చేరింది. 2001 పతనానికి మూలాలు ఇవి. బెర్లిన్‌లో ఒక గృహిణికి సరైన కాఫీ దొరకకపోవడానికీ, వయనాడులో ఒక రైతు అప్పుకూ మధ్య ఇరవై ఐదేళ్ళ దూరం ఉంది, అయినా దారి ఒకటే.

వియత్నాం వాళ్ళు తమ కాఫీని తాము తాగుతారు, అందుకు నాకు వాళ్ళంటే గౌరవం. గ్లాసు మీద ‘ఫిన్’ అనే చిన్న రేకు ఫిల్టరు పెడతారు, మన ఇత్తడి ఫిల్టరుకు తమ్ముడిలా ఉంటుంది. కింద గ్లాసులో తియ్యటి గట్టి పాలు పోసి ఉంటాయి. డికాషన్ చుక్క చుక్కగా దిగే వరకు మాట్లాడుకుంటూ కూర్చుంటారు, వీధి అంచున, మోకాలెత్తు ప్లాస్టిక్ స్టూళ్ళ మీద. తాజా పాలు దొరకని ఉష్ణదేశంలో డబ్బా పాలే శరణ్యం అయ్యాయి. 1946లో హనోయిలో పాలకు కరువు వచ్చినప్పుడు ఒక హోటల్ ఉద్యోగి గుడ్డు పచ్చసొనను చక్కెరతో గిలక్కొట్టి నురగ చేసి కాఫీ మీద వేశాడు. ఇప్పుడది ఆ నగరానికి పేరు తెచ్చిన పానీయం. నేను తాగాను. నీచు వాసన ఉంటుందని భయపడ్డాను, లేదు.

ఇక ఇథియోపియా. అరబికా చెట్టు పుట్టిల్లు అది. అక్కడ పండిన దానిలో దాదాపు సగం అక్కడి జనమే తాగుతారు. కాఫీ పండించే పేద దేశాల్లో ఇది చాలా అరుదు. అడిస్ అబాబాలో ఒక ఇంటికి నన్ను మధ్యాహ్నం పిలిచారు. నేల మీద పచ్చగడ్డి పరిచారు. ఇంటి ఆడపడుచు పచ్చి గింజలను కడిగి, బొగ్గుల కుంపటి మీద పెనంలో వేయించింది. పొగ లేస్తున్న పెనాన్ని అందరి ముందుకూ తెచ్చింది, ఆ పొగను చేత్తో ముఖం వైపు తోసుకుని వాసన చూడాలి. పక్కన సాంబ్రాణి. రోట్లో దంచి, ‘జెబెనా’ అనే సన్నని మెడ మట్టికూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో ఎత్తు నుంచి ధారగా పోసింది. మొదటి విడత పేరు అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. మూడోది దీవెన, అది తాగకుండా లేచి వెళ్ళకూడదు. ఒకే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి కాస్తారు కనుక విడతకు విడతకూ పలచబడుతుంది. గంటన్నర గడిచింది. నా జేబులో నోటు పుస్తకం ఉంది, ఆ రోజు ధర రాసే గడి ఖాళీగా ఉండిపోయింది. ‘బునా దాబో నవ్’ అంటారు వాళ్ళు, కాఫీయే మా రొట్టె అని.

గల్ఫ్‌కు వెళ్ళివచ్చిన వాళ్ళు మీలో ఉంటారు. కరీంనగర్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్ళిన వాళ్ళకు అరబ్బు ఇళ్ళలో ఇచ్చే ‘గహ్వా’ తెలుసు. లేతగా వేయించిన గింజ, యాలకులు, పక్కన ఖర్జూరం. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోస్తూనే ఉంటారు. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ కొంచెం ఊపాలి. అక్కడా ధర లేదు, మర్యాదే ఉంది. ఉత్తరాన ఫిన్లాండ్‌లో మనిషికి ఏడాదికి పది కిలోల పైన కాఫీ పడుతుంది, ఉద్యోగుల ఒప్పందాల్లోనే కాఫీ విరామం రాసి ఉంటుంది. మనకు మనిషికి వంద గ్రాములు కూడా లేదు. అమెరికాలో పాత రకం భోజనశాలల్లో ఒకసారి డబ్బు కడితే కప్పు నిండుతూనే ఉంటుంది. అది పలచగా ఉంటుంది, దాని గురించి నాకు ఎక్కువ చెప్పాలని లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దేశాల మధ్య ధరలు పోల్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు, యూరోలను రూపాయల్లోకి మార్చి ‘అమ్మో’ అనడం. జర్మనీలో కెఫేలో కాఫీ మూడున్నర యూరోలు, అంటే మూడు వందల యాభై రూపాయలు, ఎంత ఖరీదో అంటాం. డబ్బులో కాదు, పనిలో కొలవండి. 2025లో జర్మనీలో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. ఆ కాఫీ కోసం అక్కడ అతి తక్కువ జీతగాడు పదహారు, పదిహేడు నిమిషాలు పని చేస్తే చాలు. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటల లెక్కన గంటకు ముప్పై ఏడున్నర. టిఫిన్ హోటల్లో ఇరవై రూపాయల కాఫీ తాగాలంటే ఆ పనికి వెళ్ళే ఆడమనిషి అరగంటకు పైగా మట్టి తవ్వాలి. మనం చవక అనుకునే ఇరవై రూపాయల కాఫీ ఆమెకు, బెర్లిన్ కాఫీ అక్కడి జీతగాడికి పడే దాని కంటే రెండింతల ఖరీదు. ఇక బీచ్ రోడ్డు మీద అద్దాల కెఫేలో మూడు వందల కాఫీ ఆమెకు ఒక పూర్తి రోజు.

కాఫీ అందరికీ అందాలన్న ఆలోచన మన దేశంలో లేకపోలేదు. 1930ల్లో కాఫీకి గిరాకీ పెంచడానికి మొదలైన ఇండియా కాఫీ హౌస్‌లను 1950ల్లో కాఫీ బోర్డు మూసేయబోయింది. పని పోగొట్టుకున్న సిబ్బంది కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలుగా ఏర్పడి, వాటిని తామే నడుపుకున్నారు. తలపాగా కట్టిన వడ్డనవాళ్ళు, చవక కప్పు, ఎంతసేపు కూర్చున్నా లేవమనని బల్లలు. అక్కడ కుర్చీకి ధర లేదు. ఆ ఒక్క కారణం చాలు, ఎన్ని రాజకీయ చర్చలు, ఎన్ని సాహిత్య సమావేశాలు ఆ బల్లల మీద జరిగాయో ఊహించడానికి.

మన తెలుగు నేలకు కాఫీ చెట్టు 1898లో తూర్పు గోదావరి ఏజెన్సీలో పాములేరు లోయకు వచ్చింది. తర్వాత అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు. ఇక్కడ తొమ్మిది వందల మీటర్లు, ఆపైన ఎత్తులో, సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్టు మొదలుకు మిరియం పాదును పాకిస్తూ గిరిజన కుటుంబాలు పెంచుతాయి. ఒక్కొక్కరికి ఎకరం, రెండెకరాలు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే ఒక దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖ వాళ్ళుగా మనకు గర్వంగా ఉంటుంది, ఉండాలి కూడా.

ఈ గర్వంతో పాటు ఇంకో మాట తెలుసుకోండి. ఐరోపా సమాఖ్య సాధారణ సుంకాల పట్టికలో పచ్చి గింజకు సుంకం సున్నా, వేయించిన గింజకు 7.5 శాతం. ‘పచ్చిది పంపండి, వేయించే పని మేం చూసుకుంటాం’ అని దీని అర్థం. ఒక్క కాఫీ చెట్టు కూడా లేని జర్మనీ ప్రపంచంలో పెద్ద కాఫీ ఎగుమతిదారుల్లో ఒకటి. ఆ గోడను దాటిన వాళ్ళు మన దగ్గరే ఉన్నారు. గుంటూరు జిల్లా దుగ్గిరాల అనగానే మనకు పసుపు గుర్తుకు వస్తుంది. అక్కడ 1990ల్లో ఒక్క కాఫీ మొక్క లేని మైదానంలో సీసీఎల్ అనే సంస్థ ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం పెట్టింది. దేశదేశాల గింజ అక్కడికి వచ్చి, పొడిగా మారి, ఎక్కడెక్కడి కంపెనీల పేర్లతోనో తిరిగి దేశదేశాలకు వెళుతోంది. తర్వాత వాళ్ళే వియత్నాంలో కూడా కర్మాగారం పెట్టారు. విలువ చేర్చే పని చెట్టు ఉన్న చోటే జరగాలని లేదు, నేర్చుకున్న చోట జరుగుతుంది. అలాంటి పని కొండ మీద కూడా జరగాలన్నది నా కోరిక. పాడేరులో వేయించి, పాడేరులో పొట్లం కట్టి, ఆ ఊరి పిల్లలే రుచి చూసి మార్కులు వేసే రోజు రావాలి. గిరిజన సహకార సంస్థ ఇప్పటికే తన పేరుతో పొడి అమ్ముతోంది. కొనండి, తాగండి, బాగా లేకపోతే బాగా లేదని వాళ్ళకు చెప్పండి.

ఒక చిన్న సంగతితో ఆపుతాను. చాలా ఏళ్ళ క్రితం, కోతల కాలంలో, పాడేరు పైన ఒక పల్లెలో ఒక ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు పార్చ్‌మెంటు గింజ, అంటే పండు గుజ్జు తీసినా పైపొట్టు ఇంకా తీయని గింజ, ఆరబోసి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ నాకు టీ ఇచ్చింది. కాఫీ తాగరా అమ్మా అని అడిగితే, మాకు అలవాటు లేదు బాబూ, అమ్మేస్తాం అంది. నా సంచిలో చిన్న ఫిల్టరు ఉంది. ఆమె గింజనే చేత్తో పొట్టు తీసి, ఆమె పొయ్యి మీదే మూకుడులో వేయించి, రోట్లో దంచి డికాషన్ తీశాం. ఆమె ఒక గుటక తాగి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొంచెం బెల్లం వేసుకుని మొత్తం తాగింది. “దూరదేశంలో దీన్ని కప్పు ఎంతకు అమ్ముతారు?” అని అడిగింది. చెప్పాను. “కప్పుకు ఎన్ని పండ్లు పడతాయి?” అంది. ఏడు గ్రాముల పొడికి యాభై, అరవై గింజలు కావాలి, పండుకు రెండు గింజలు, అంటే పాతిక, ముప్పై పండ్లు అన్నాను. ఆమె గంపలో చేయి పెట్టి గుప్పెడు ఎర్రటి పండ్లు తీసి, నేల మీద పోసి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి తిరిగి గంపలో వేసి, చీకటి పడకముందే ఆరబోసింది ఎత్తాలి అంటూ లేచింది.

వెనుక బల్ల మీద కాఫీ ఉంది. పాడేరు గింజ, చికోరీ లేదు, నిన్న రాత్రి నేనే వేయించాను. గ్లాసులు అందుకుని మళ్ళీ కూర్చోండి, తాగుతూ ప్రశ్నలు అడుగుదురు గాని.